ఖద్దరు కట్టిన న్యాయమూర్తి అబ్బాస్ తయ్యబ్జీ

ఇంటి ముందు ఎడ్లబండి నిలిచి ఉంది. లోపలి నుంచి బట్టలు ఒక్కొక్కటిగా వచ్చి బండిలో పడుతున్నాయి. ఇల్లాలు ఏళ్ల తరబడి అపురూపంగా దాచుకున్న ఐర్లండు నార దుప్పట్లు, భోజనాల బల్ల మీద పరిచే తెల్లని గుడ్డలు, ఇంటి యజమాని అంగరఖాలు, చోగాలు, ఖరీదైన ఇంగ్లీషు సూట్లు అన్నీ అందులోకి చేరాయి. చివరికి పిల్లలు ముచ్చటపడి పెట్టుకునే పట్టు టోపీలు, మఖ్మల్ టోపీలు కూడా మిగల్లేదు. బండి నిండింది. ఆ బట్టలన్నీ మంటల్లో వేయడానికి వెళ్తున్నాయి. ఆనాటి ఆ దృశ్యాన్ని ఆ ఇంటి ఆడపిల్ల సుహైలా పెద్దయిన తర్వాత కూడా మరచిపోలేదు. తన టోపీలు ఎలా ఉండేవో కూడా ఆమెకు గుర్తుండిపోయింది.

ఆ ఇంటి యజమాని పేరు అబ్బాస్ తయ్యబ్జీ. బరోడా సంస్థానంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. మనవళ్లతో ఆడుకుంటూ, పింఛను తీసుకుంటూ హాయిగా కాలం గడపాల్సిన వయసులో ఆయన తన ఒంటి మీది దుస్తులతోపాటు తన జీవితాన్నే మార్చుకున్నారు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఆయన పేరు ఉప్పు సత్యాగ్రహం దగ్గర ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతుంది. అంతకుముందు పదేళ్లపాటు ఖద్దరు కోసం ఆయన పడిన శ్రమ చాలామందికి తెలియదు.

దొరల తరహా జీవితం

అబ్బాస్ తయ్యబ్జీ 1854 ఫిబ్రవరి 1న జన్మించారు. వారిది గుజరాత్‌లోని ఖంబాత్ రేవుకు చెందిన సులేమానీ బోహ్రా కుటుంబం. తాతగారు ముల్లా తయ్యబ్ అలీ వ్యాపారి. తండ్రి షంసుద్దీన్ తయ్యబ్జీ. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తిగా పేరు పొంది, 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయ్యబ్జీ ఈయనకు స్వయానా పినతండ్రి వరుస. ఆయన కుమార్తె అమీనాను అబ్బాస్ వివాహం చేసుకున్నారు.

చదువు కోసం అబ్బాస్ ఇంగ్లండు వెళ్లి అక్కడ పదకొండేళ్లు ఉన్నారు. బారిస్టరుగా తిరిగి వచ్చి బరోడా న్యాయస్థానంలో చేరారు. ఆడపిల్లల చదువు విషయంలో ఆ కుటుంబం తన కాలం కంటే ఎంతో ముందుండేది. ఇంటి అలవాట్లు, భోజనం, దుస్తులు అన్నీ ఇంగ్లీషు పద్ధతిలోనే సాగేవి. అబ్బాస్ సాహెబ్ సూటు వేసుకుంటే ఎక్కడా ముడత కనిపించేది కాదని చెప్పుకునేవారు.

ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఆయనకు దగ్గరి బంధువు. సలీం అలీ తన ఆత్మకథలో ఈ పెద్దాయన గురించి ఆసక్తికరమైన సంగతులు రాశారు. ఆ రోజుల్లో బ్రిటిష్ వారిని గానీ, చక్రవర్తి కుటుంబాన్ని గానీ ఎవరైనా చిన్నమాట అన్నా అబ్బాస్ సాహెబ్ సహించేవారు కాదట. స్వదేశీ వస్తువుల పట్ల ఆయనకు అభిమానం ఉన్నట్టు మాటల్లో గానీ, చేతల్లో గానీ కనిపించేది కాదట. గాంధీజీ పద్ధతులు కూడా ఆయనకు నచ్చేవి కావు. అయితే న్యాయమూర్తిగా ఆయన నిజాయితీని మాత్రం ఆంగ్లేయులంటే గిట్టని వారు సైతం మెచ్చుకునేవారు. ఎవరేమనుకున్నా సాక్ష్యం ఎటు చూపితే అటు నడవడం ఆయన స్వభావం. ఆ స్వభావమే తర్వాత ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

అమృత్‌సర్ వీధుల్లో

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో జనరల్ డయ్యర్ సైనికులు నిరాయుధ ప్రజలపై 1,650 తూటాలు పేల్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. కాంగ్రెస్ వేసిన అంచనా దానికి రెండు రెట్ల కంటే ఎక్కువ. ఆ తర్వాత పంజాబులో సైనిక చట్టం పేరుతో జరిగిన అవమానాలు అంతా ఇంతా కాదు. ఒక సందులో అయితే మనుషులను పొట్ట మీద పాకుతూ వెళ్లమని శాసించారు.

ఈ దురాగతాలపై ప్రభుత్వ విచారణను నమ్మలేక కాంగ్రెస్ తానే ఒక విచారణ సంఘాన్ని నియమించింది. గాంధీజీ, చిత్తరంజన్ దాస్, ఎం.ఆర్. జయకర్‌లతోపాటు అబ్బాస్ తయ్యబ్జీ అందులో సభ్యులయ్యారు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. సంఘం ఊరూరా తిరిగి 1,700 మందికి పైగా సాక్షుల వాంగ్మూలాలను సేకరించింది. భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు, కొరడా దెబ్బలు తిన్న యువకులు, బిడ్డల శవాలను వెతుక్కున్న తండ్రులు వచ్చి తమ గోడు చెప్పుకున్నారు. నివేదిక 1920 మార్చిలో వెలువడింది.

జీవితమంతా సాక్ష్యాలు విని తీర్పులు చెప్పిన మనిషి ఈ సాక్ష్యాలు విని ఊరుకోలేకపోయారు. తాను గౌరవిస్తూ వచ్చిన న్యాయం ఏ పునాదిపై నిలిచి ఉందో ఆయనకు తెలిసివచ్చింది. నివేదిక మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం ఆ తీర్పును ముందుగా తన మీదే అమలు చేసుకున్నారు. ఆంగ్లేయుల ప్రాపకంలో వచ్చిన విలాసాలను వదిలేశారు. సూటు విడిచి ఖద్దరు కట్టారు. స్వయంగా రాట్నం ముందు కూర్చున్నారు.

ఖద్దరు అంటే ఏమిటి?

చేనేత, ఖద్దరు ఒకటేనని మనలో చాలామంది అనుకుంటారు. తేడా ఉంది. మగ్గం మీద చేత్తో నేసినదంతా చేనేతే. కానీ అందులోని నూలు మిల్లుది కావచ్చు. ఆ రోజుల్లో దేశంలోని నేతగాళ్లు చాలావరకు మిల్లు నూలుకే అలవాటుపడ్డారు. నూలు కూడా చేత్తో వడికి, చేత్తో నేస్తేనే అది ఖద్దరు.

ఈ పని వెనుక ఎన్ని చేతులున్నాయో గమనించండి. చేలో పత్తి ఏరాలి. గింజ తీయాలి. దూదిని విల్లుతో ఏకి మెత్తగా చేయాలి. ఆ దూదితో ఏకులు చుట్టాలి. ఏకును రాట్నం మీద పెట్టి కదురు తిప్పుతూ నూలు తీయాలి. నూలును చిలపలుగా చుట్టి, గంజి పెట్టి, పడుగు పోసి, పేక వేసి నేయాలి. ఏకు సరిగా లేకపోతే ఎంత నేర్పరి వడికినా దారం తెగుతూనే ఉంటుంది. అందుకే వస్త్రానికి మొదటి మెట్టు దూది ఏకేవాడి దగ్గరే ఉంది. గుజరాత్‌లో ఆ పని చేసేవారిని పింజారీలంటారు. వారిలో ముస్లింలు ఎక్కువ. మన తెలుగునాట దూదేకుల వారు, నూర్‌బాషాలు అని పిలుచుకునేది ఈ వృత్తి వారినే. మిల్లులు వచ్చి దూదేకే విల్లు మూలన పడినప్పుడు ఆ ఇళ్లలో పొయ్యి వెలగడమే కష్టమైపోయింది. అలాగే నేతపని మీద బతికే ముస్లిం కుటుంబాలు ఉత్తరాదిన లక్షల్లో ఉండేవి. ఖద్దరు అన్నది కేవలం రాజకీయ నినాదంగా కాక, పూట గడిచే మార్గంగా వీరికి కనిపించడానికి కారణం ఇదే.

అసలు ఈ విద్య గుజరాత్‌లో దాదాపు మాయమైపోయింది. గాంధీజీ ఆశ్రమం పెట్టిన కొత్తలో రాట్నం చూపించేవారే దొరకలేదు. చివరికి గంగాబెన్ అనే సాహసవంతురాలైన వితంతువు ఊళ్లు గాలించి, బరోడా సంస్థానంలోనే ఉన్న విజాపూర్‌లో రాట్నాలను కనిపెట్టింది. అటకల మీద దుమ్ము పట్టి ఉన్నాయవి. ఏకులు ఇచ్చి, నూలు కొనేవారుంటే మళ్లీ వడుకుతామని అక్కడి స్త్రీలు ఒప్పుకున్నారు. మొదట్లో ఆ ఏకులను తన మిల్లు నుంచి పంపినవారు బొంబాయి మిల్లు యజమాని ఉమర్ సోబానీ. మిల్లు ఏకులు వాడటం సబబు కాదనిపించి, తర్వాత నెలకు 35 రూపాయలు అడిగిన ఒక పింజారీని పనిలో పెట్టుకున్నారు. అబ్బాస్ సాహెబ్ తీర్పులు చెబుతూ ఏళ్లు గడిపిన సంస్థానంలోనే, ఆయనకు తెలియకుండా, ఈ రాట్నాలు అటకల మీద నిద్రపోతూ ఉన్నాయన్నమాట.

ఆనాటి ఖద్దరు కట్టుకోవడం తేలిక కాదు. ఆశ్రమంలో తయారైన మొదటి బట్ట గజం 17 అణాలు పడింది. అంటే రూపాయికి పైమాటే. మిల్లు గుడ్డ దానికంటే ఎంతో చవక. పైగా ఖద్దరు ముతకగా, బరువుగా ఉండేది. పన్నా చాలేది కాదు. ఉతికితే ఆరడానికి చాలాసేపు పట్టేది. నాజూకైన నార దుప్పట్ల మీద పడుకున్నవారికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అబ్బాస్ సాహెబ్ ఆ కష్టాన్ని తాను పడటమే కాక, భార్యాబిడ్డలను కూడా అందులోకి తెచ్చారు. వారూ వెనుకాడలేదు. కుమార్తె రైహానా గాంధీజీకి ఎంతో సన్నిహితురాలైంది. గాంధీజీకి ఉత్తరాల ద్వారా ఉర్దూ రాయడం నేర్పింది ఆమే.

కాల్చడం సబబేనా?

1921 ఏప్రిల్ 1న బెజవాడలో ముగిసిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం, జూన్ నెలాఖరులోగా దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. అదే సంవత్సరం జూలై 31న బొంబాయి పరేల్‌లో ఉమర్ సోబానీ మిల్లు ఆవరణలో విదేశీ వస్త్రాలను గుట్టగా పోసి గాంధీజీ నిప్పంటించారు. ఖిలాఫత్ ఉద్యమం ముమ్మరంగా ఉన్న కాలం. హిందువులు, ముస్లింలు పోటీపడి బట్టలు తెచ్చి వేశారు.

అయితే కట్టుకోవడానికి గుడ్డ లేనివారు లక్షల మంది ఉన్న దేశంలో మంచి బట్టలు కాల్చడం ఏమిటన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్ దీన్ని గట్టిగా విమర్శించారు. గాంధీజీకి ఆప్తమిత్రుడైన ఆండ్రూస్ బాధపడ్డారు. దుబారా కూడదని చిన్ననాటి నుంచి విన్న ముస్లిం కుటుంబాల్లోనూ ఈ సందేహం కలగడం సహజమే. అందుకే ఆ బట్టలను కాల్చడానికి ఇష్టం లేనివారు స్మిర్నాలోని తుర్కీ శరణార్థులకు పంపవచ్చునని కాంగ్రెస్ వారే ఒక వెసులుబాటు ఇచ్చారు. ఖిలాఫత్ నాయకులు ఆ మార్గాన్ని ఆదరించారు.

తయ్యబ్జీల ఇంటి నుంచి బయలుదేరిన బండి మాత్రం మంటల దారే పట్టింది. అది సరైనదా కాదా అన్నది నేటికీ వాదించుకోవచ్చు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన కాల్చింది పరుల సొమ్ము కాదు. తనకు అక్కర్లేని పాత గుడ్డలూ కాదు. ఇల్లంతా ఇష్టపడి వాడుకుంటున్న బట్టలవి. తర్వాత మళ్లీ అలాంటివి కొనుక్కోనూ లేదు. మంట ఒక్కరోజుతో ఆరిపోయింది. దాని వెనుక వచ్చిన నిరాడంబర జీవితం పదిహేనేళ్లు నడిచింది. ఆయన త్యాగాన్ని కొలవాల్సింది ఆ పదిహేనేళ్లతోనే.

ఉత్సాహం చల్లారిన రోజుల్లో

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటనతో సహాయ నిరాకరణ ఉద్యమం ఆగిపోయింది. 1924లో తుర్కీలో ఖిలాఫత్ పదవినే రద్దు చేశారు. అంతవరకు భుజం భుజం కలిపి నడిచిన రెండు మతాల వారి మధ్య ఎడం పెరిగింది. ఎందరో ఖద్దరు విప్పి పాత దుస్తుల్లోకి, పాత కచేరీల్లోకి వెళ్లిపోయారు. నూలు వడకడం అనే నిదానమైన పనిలో ఊరేగింపులు ఉండవు, జేజేలు ఉండవు. రోజూ కూర్చోవాలి, రోజూ తిప్పాలి. 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం మొదటి తరగతి సభ్యుడు కావాలంటే నెలకు 1,000 గజాల నూలు స్వయంగా వడికి ఇవ్వాలి. అందుకే ఈ దశలో నిలిచినవారు తక్కువ.

నిలిచినవారిలో అబ్బాస్ తయ్యబ్జీ ఒకరు. ఏడుపదులు దాటిన వయసులో ఆయన రైళ్లలో మూడో తరగతి పెట్టెలో ప్రయాణించేవారు. ధర్మశాలల్లో, ఆశ్రమాల్లో నేల మీద పడుకునేవారు. మైళ్ల కొద్దీ నడిచేవారు. ఎడ్లబండి ఎక్కి గుజరాత్ పల్లెలకు వెళ్లి ఖద్దరు గురించి చెప్పేవారు. ఒకప్పుడు తన ఇంటి బట్టలను మోసుకుపోయిన బండి లాంటిదే ఇప్పుడు ఆయనను బీదల వాకిళ్లకు చేర్చింది. ప్రధాన న్యాయమూర్తి హోదాలో ఉండగా తన ముందు నిలబడటానికే జంకిన రైతులు ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని మాట్లాడేవారు.

మిల్లు గుడ్డ కొంటే డబ్బు ఎక్కడికో పోతుంది. ఖద్దరు కొంటే ఆ రూపాయి దూదేకేవాడికి, వడికే ఆడమనిషికి, నేసేవాడికి అణాల్లో పంపకమవుతుంది. గడప దాటని పర్దా స్త్రీ కూడా ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకోగలదు. ఖద్దరు ప్రచారకులు ఊరూరా చెప్పిన లెక్క ఇదే. 1928లో బార్డోలీ రైతులు పన్ను పెంపును ఎదిరించి వల్లభభాయ్ పటేల్ నాయకత్వంలో సత్యాగ్రహం చేసినప్పుడు కూడా అబ్బాస్ సాహెబ్ వారి పక్షాన నిలిచారు.

ఇంత కఠిన జీవితంలోనూ ఆయన సరదా తగ్గలేదు. ఆయనా, గాంధీజీ కలుసుకున్నప్పుడల్లా చిన్నపిల్లల్లా భుర్ర్‌మని గొంతుతో శబ్దం చేసి పలకరించుకునేవారు. గాంధీజీ ఆయనకు రాసే ఉత్తరాలు కూడా ఆ వింత పిలుపుతోనే మొదలయ్యేవి.

76వ ఏట సేనాని

1930 ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీజీ ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. తాను అరెస్టయితే ఉద్యమాన్ని నడిపించే బాధ్యతను ఆయన అబ్బాస్ తయ్యబ్జీకి అప్పగించారు. అంతమంది యువ నాయకులుండగా 76 ఏళ్ల వృద్ధుడిని ఎంచుకోవడం చాలామందికి ఆశ్చర్యం కలిగించింది. పదేళ్లుగా ఆయనను గమనిస్తున్న గాంధీజీకి మాత్రం ఎలాంటి సందేహం కలగలేదు.

ధారాసన ఉప్పు కొఠారులపైకి వెళ్లాలని నిర్ణయించిన కొద్దిరోజులకే, మే 4 అర్ధరాత్రి గాంధీజీని అరెస్టు చేశారు. మే 12న ఖద్దరు దుస్తుల్లో, తెల్లని గడ్డంతో, అబ్బాస్ సాహెబ్ సత్యాగ్రహుల ముందు నిలిచి ధారాసనకు బయలుదేరారు. దారిలోనే పోలీసులు ఆయనను, ఆయన వెంట ఉన్న వాలంటీర్లను పట్టుకున్నారు. మూడు నెలల శిక్ష పడింది. ఎందరికో శిక్షలు వేసిన న్యాయమూర్తి ఇప్పుడు తానే ఖైదీ అయ్యారు. ఆయన తర్వాత నాయకత్వం మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు చేతికి వచ్చింది. మే 21న ఆమె ఆధ్వర్యంలో ధారాసనలో సత్యాగ్రహులు చేయి ఎత్తకుండా లాఠీ దెబ్బలు తిన్న వైనం ప్రపంచమంతటికీ తెలిసింది.

జైలు ఆయనను భయపెట్టలేదు. విడుదలయ్యాక కూడా ఉద్యమంలోనే ఉన్నారు. 1936 జూన్ 9న ముస్సోరీలో 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గాంధీజీ తన హరిజన్ పత్రికలో ఆయనను గుజరాత్ కురువృద్ధుడిగా స్మరిస్తూ వ్యాసం రాశారు.

మనకు మిగిలిన ప్రశ్న

నేడు ప్రపంచంలో స్లో ఫ్యాషన్ అన్న మాట బాగా వినిపిస్తోంది. త్వరత్వరగా కుట్టి, చవకగా అమ్మి, నాలుగుసార్లు తొడిగి పారేసే బట్టల వల్ల నేలా నీరూ పాడవుతున్నాయని, కుట్టేవారికి కూలి గిట్టడం లేదని అందరూ గుర్తిస్తున్నారు. పత్తి, నార, ఉన్ని వంటి సహజమైన దారాలతో, చేతిపనితో, నిదానంగా తయారై ఎక్కువ కాలం మన్నే బట్టలు మేలని చెబుతున్నారు. పేరు కొత్తదే గానీ, వందేళ్ల కిందట ఒక వృద్ధ న్యాయమూర్తి ఎడ్లబండి మీద తిరిగి చెప్పిన సంగతికి ఇది చాలా దగ్గరగా ఉంది.

ఇప్పుడు ఎవరూ బీరువా ఖాళీ చేసి మంట పెట్టనక్కర్లేదు. ఉన్న బట్టను చిరిగేవరకు వాడుకోవడం, చిన్నదైతే తమ్ముడికో చెల్లికో ఇవ్వడం, చిరుగు పడితే కుట్టించుకోవడం మన ఇళ్లలో నానీలు, దాదీలు నేర్పినవే. పండగకు కొత్త బట్టలు కొనేటప్పుడు ధరతోపాటు మరొక్క మాట కూడా అడుగుదాం. ఈ గుడ్డ ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఆ చేతులకు దక్కినది ఎంత? అబ్బాస్ తయ్యబ్జీ 65 ఏళ్ల వయసులో ఆ ప్రశ్న వేసుకున్నారు. జవాబు తెలిశాక మిగిలిన జీవితమంతా దానికి కట్టుబడ్డారు. ఆయన పేరు ఎరుగని మన పిల్లలకు ఈ శుక్రవారం ఆ కథ చెబుదాం.